బోనుల తాత బతికిన అధ్యాయం

ఆ వీధిలో లిఫ్టు తాత ఇల్లెక్కడ అని అడిగితే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన ఊళ్లోని మేడలకు లిఫ్టులు బాగుచేశాడు. మధ్యలో ఆగిపోయిన పెట్టెల్లోంచి మనుషుల్ని బయటికి తీయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. కానీ పేరొచ్చింది ఆ పని వల్ల కాదు, రేడియో వల్ల. ఆదివారం మధ్యాహ్నం ‘చూసినవాళ్ల మాట’ అని ఒక కార్యక్రమం వస్తుంది. టీవీలో వచ్చే సినిమాల మీద, సీరియళ్ల మీద జనం ఫోన్ చేసి తమ అభిప్రాయాలు చెబుతారు. ముఖ్యంగా పుస్తకాల్లోంచి తీసిన వింత లోకాల కథలూ, రాబోయే కాలాల కథలూ వచ్చినప్పుడు తాత గొంతు వినిపించని వారం ఉండదు. ఇందులో విడ్డూరమేమిటంటే ఆయనకు కళ్లు కనపడవు. కిటికీ ఎటుందో, టీవీ వెలుగుతోందో లేదో తెలుస్తుంది, అంతవరకే.

“చూపు లేనివాళ్లకి చూసినవాళ్ల మాటలో పనేమిటి” అని మొదట్లో ఒకాయన ఫోన్‌లో దెప్పాడు. తాత నొచ్చుకోలేదు. “బొమ్మలు చూస్తూ మీరు చెవులు మూసుకుంటారు బాబూ. నిన్నటి భాగంలో అంత పెద్ద ఇనప గొలుసు గాజుల్లా గలగలలాడింది. బరువు మోసే గొలుసు గలగలమనదు, మూలుగుతుంది. అది మీకు వినపడలేదు కదా” అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన మాట కోసం చెవి కోసుకునేవాళ్లు తయారయ్యారు.

తాత సంగతి అందరికీ తెలుసు. ఆయన కోడలి సంగతే ఎవరికీ తెలియదు. ఆవిడ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేస్తుంది. ఆవిరి చిమ్మే పెట్టె ముందు నిలబడి చొక్కాల మెడలూ కోట్ల మడతలూ సరిచేస్తుంది, కాలరుకు నంబరు చీటీ పిన్నుతో గుచ్చుతుంది. భర్త బస్సు డ్రైవరు, పగలంతా రోడ్డు మీదే ఉంటాడు. దుకాణం నుంచి ఇంటికి, ఇంటి నుంచి దుకాణానికి తప్ప ఆవిడ ఇంకో దారి తొక్కి ఏళ్లయింది. ఓపిక లేకనో, ఇష్టం లేకనో అనుకుంటారు చుట్టుపక్కలవాళ్లు. అసలు కారణం ఐదు లావుపాటి పుస్తకాలు.

మామగారికి చూపు మసకబారుతున్న రోజుల్లో కాలిబాట మీద పాత పుస్తకాలమ్మే అతని దగ్గర కొనుక్కొచ్చిందావిడ. పేరు ‘వేలాడే నగరం’. గాలిలో తేలే ఒక కొండ, దాని అడుగున గొలుసులతో వేలాడదీసిన ఊరు. ఒక పేట నుంచి ఇంకో పేటకి పోవాలంటే ఇనప బోనులో కూర్చోవాలి. ఆ బోనుల్ని చూసుకునే ముసలి పనివాడు ఒకడుంటాడు, బోనుల తాత. రాజులూ రాణులూ మాయలవాళ్లూ ఎంతమంది ఉన్నా మన తాతకి వాళ్లెవరూ ఆనలేదు. బోనుల తాత ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, అదొక్కటే కావాలి. “వాడు మావాడమ్మాయ్, మా పనివాడు” అనేవాడు. సాయంత్రం ఆవిడ దుకాణం నుంచి రాగానే వరండాలో రెండు కుర్చీలు, ఒక అధ్యాయం. తడబడకుండా చదవడం కోసం ఆ రోజు చదవాల్సింది మధ్యాహ్నం దుకాణంలోనే, భోజనం డబ్బా పక్కన పెట్టుకుని ముందుగా ఓసారి చదువుకునేది.

మూడో భాగం సగంలో ఉండగా అత్తగారు పోయారు. ఇంట్లో ఆ మనిషి లేని లోటు పూడ్చడం ఎవరి తరమూ కాలేదు. తాత మాట మానేశాడు, తిండి మానేశాడు. కొడుకు బతిమాలినా, కసిరినా ముద్ద ముట్టలేదు. ఒకనాడు కోడలు ఏమీ తోచక పుస్తకం తెచ్చి ఆగిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టింది. బోనుల తాత బోనులో వస్తున్న పిల్లలందర్నీ అవతలి గట్టు మీదికి తోసేసి తాను బోనులో చిక్కుకుపోయాడు. అధ్యాయం అక్కడ ఆగింది. తాత చాలా రోజుల తర్వాత నోరు విప్పి, “రేపు బయటికి తీస్తారా వాణ్ణి?” అని అడిగాడు. ఆ పూట నాలుగు ముద్దలు తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని తర్వాతి అధ్యాయం చదివింది. బయటికి తీయరు. చక్రం తిప్పి బోనులు లాగేవాళ్లు భయపడి పారిపోతారు, గొలుసు ఒక్కో పోగే తెగుతుంది, బోనుల తాత చీకట్లోకి రాలిపోతాడు. ఇంటికి వెళ్లి ఇది చదివితే మామగారు మళ్లీ కంచం ముట్టడని ఆవిడకు తెలుసు. ఆ మధ్యాహ్నమంతా చొక్కాలు మాడిపోకుండా చూసుకోవడం కష్టమైంది.

సాయంత్రం ఆవిడ పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని, పేజీ మీద వేలు పెట్టి, అందులో లేనిది చదివింది. ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. మామగారు ఎప్పుడో వంటింటి గడప దగ్గర కూర్చుని, ఆవిడ కూర తరుగుతుంటే చెప్పిన సంగతే. లిఫ్టు పెట్టెకి అవతల ఒక ఎదురు బరువు వేలాడుతుందట. ఖాళీ పెట్టె కన్నా అది బరువట. అందుకే కరెంటు లేనప్పుడు బ్రేకు చేత్తో వదిలిస్తే, ఒక్క మనిషే ఉన్న పెట్టె కిందికి పోదట, పైకి లేస్తుందట. జనం ఎప్పుడూ కిందికి పడిపోతామనే హడలిపోతారని చెప్పి ఆ రోజు ఆయన తెగ నవ్వాడు. కోడలు అదే పట్టుకుంది. బోనుల తాత ఆ బోనుకి ముందే ఎవరికీ చెప్పకుండా ఎదురు బరువు కట్టి ఉంచాడంది. చీకట్లో తడుముకుని పిడి పట్టుకున్నాడంది. గట్టిగా ఊపిరి పీల్చి లాగాడంది. బోను కిందికి జారలేదు, పైకి లేచింది.

తాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “ఈ రచయిత పని చేసినవాడమ్మాయ్” అన్నాడు. “కూర్చుని రాసేవాడికి ఇది తెలియదు.” ఆ పూట కడుపునిండా తిన్నాడు.

ఒక్క రోజుకే అనుకుంది ఆవిడ. నాలుగు అధ్యాయాలు పోయాక, మామగారు కాస్త కోలుకున్నాక, ఏ జ్వరంతోనో బోనుల తాతని నెమ్మదిగా సాగనంపుదామనుకుంది. కుదరలేదు. ఆయన్ని చంపే రోజు రాలేదు. పుస్తకంలో ఆయన లేడు, చదివేటప్పుడు మాత్రం ఉండాలి. ప్రతి అధ్యాయంలోనూ ఆయనకి ఒక మూల చోటు చూడాలి, నాలుగు మాటలు ఇవ్వాలి, నిన్న ఏం అన్నాడో గుర్తుంచుకోవాలి. కోట్ల మీద ఆవిరి పడుతుంటే ఆవిడ పెదవులు కదిలేవి. దుకాణం యజమానురాలు ఏదో జపం అనుకుంది.

ఇందులో ఆవిడకు సంతోషం లేదంటే అబద్ధం. ఆ ఇంట్లో తనకంటూ ఉన్నది ఆ ఒక్కటే. “మూడో భాగం నుంచి రచయిత చెయ్యి తిరిగిందమ్మాయ్. మొదటి రెండూ ఫరవాలేదు గానీ, తర్వాత బోనుల తాత మాటలు వినాలి, ఏం మాటలవి!” అని మామగారు మెచ్చుకున్నప్పుడు తల దించుకుని పేజీ తిప్పేది. కానీ ఆ సంతోషానికి ఆవిడ కాళ్లకి సంకెల పడింది. చెల్లెలి కాన్పుకి తల్లి పది రోజులు రమ్మంటే పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేసింది.

“మీ మామగారు ఒక్క పూట కథ వినకపోతే కొంప మునుగుతుందా?” అంది తల్లి.

మునుగుతుంది. “నువ్వు వెళ్లు, పది రోజులూ నేను చదువుతాలే” అని భర్త అప్పటికే అని ఉన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. అతను పుస్తకం తెరిచాడా, అంతా తెల్లారిపోతుంది. అందుకే ఆవిడ పుస్తకాల్ని బీరువాలో తన బట్టల వెనక దాచి తాళం వేసుకునేది. ఒంట్లో బాగోలేని రోజు కూడా గొంతు సవరించుకుని కూర్చునేది. ఐదో భాగం చివరి పేజీ చదివిన రోజు, ఇక బయటపడ్డాననుకుని స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చింది.

బయటపడలేదు. ‘వేలాడే నగరం’ టీవీకి వచ్చింది. ప్రతి గురువారం సాయంత్రం ఒక భాగం.

తాతకి పండగలా ఉంది. రేడియోలో ఆయన మాటలకు పదును వచ్చింది. అందరిలా పుస్తకమే గొప్ప, తెర మీదికొస్తే అంతా నాశనం అనే మనిషి కాదాయన. “మార్చడం తప్పు కాదమ్మా. పుస్తకం చదువుకునేది, ఇది వినేది, చూసేది. మార్చక ఎలా కుదురుతుంది? కాకపోతే ఎందుకు మార్చారో నాకు వినపడాలి. కథ మీద ప్రేమతో మార్చారా, జనం లేచిపోతారన్న భయంతో మార్చారా, అది తెలిసిపోతుంది” అనేవాడు. రాణి వార్తలు చదివినట్టు మాట్లాడుతోందన్నాడు. వంటమనిషి పాత్ర తీసేసి ఆ చోట ప్రేమకథ దూర్చడం భయంతో చేసిన పని అన్నాడు. ఊరు మొదటిసారి కనిపించేటప్పుడు సంగీతం ఆపేసి ఒట్టి గాలి చప్పుడు పెట్టడం మాత్రం పుస్తకాన్ని మించిపోయిందన్నాడు. జనం నిజమేనని ఒప్పుకున్నారు.

కోడలు మాత్రం గురువారం ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేది. టీవీలో మూడో పుస్తకం కథ మొదలైంది. పిల్లలు బోనెక్కారు. ఆ వారం ఏం జరుగుతుందో తెలిసి, టీవీ వెనక తీగ పీకేసి, “పాడైంది మామయ్యా, మెకానిక్ రేపొస్తాడట” అంది. చెప్పి ఊపిరి పీల్చుకునేలోపు పక్కింటి టీచరమ్మ గోడ మీంచి తల పెట్టి, “అయ్యో, మా ఇంటికి రండి తాతగారూ, మీ పక్కన కూర్చుని చూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాం” అని చేయి పట్టుకుని తీసుకుపోయింది. కోడలు కూడా వెనకే వెళ్లక తప్పలేదు.

గొలుసు తెగింది. టీచరమ్మ ముక్కు తుడుచుకుంది. తాత మాత్రం మొహం చిట్లించుకుని కూర్చున్నాడు.

“చంపేశారు” అన్నాడు. “పుస్తకంలో లేని చావు తెచ్చిపెట్టారు. ఎందుకు? అందరూ ఏడవాలని. ఆదివారం రానీ, చెబుతాను వీళ్ల సంగతి.”

ఇంటికొచ్చే నాలుగడుగుల్లోనే కోడలికి అంతా అర్థమైంది. ఆదివారం ఈయన ఊరందరూ వినేలా చెబుతాడు, బోనుల తాత బతికాడని. పుస్తకం చదివినవాళ్లు ఊళ్లో బోలెడుమంది. నవ్వుతారు. ఈ వయసులో, ఈ చీకట్లో ఆయనకి మిగిలిన మర్యాద ఆ ఒక్క ఫోనే. అది పోకూడదంటే ముందే నిజం చెప్పాలి. చెబితే, ఆయన్ని ఇన్నేళ్లూ నిలబెట్టిన బోనుల తాత చచ్చిపోతాడు, తను అబద్ధాలకోరు అవుతుంది. ఎటు జరిగినా నష్టపోయేది ఆయనే. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది ఆవిడ పని.

శుక్రవారం కాఫీ ఇస్తూ, “మామయ్యా, ఆదివారం ఆ సంగతి ఎత్తకపోతేనేం” అంది.

“నీకెందుకు భయం? సాక్ష్యానికి నువ్వున్నావు కదా, చదివిన మనిషివి” అన్నాడాయన.

శనివారం మళ్లీ మొదలుపెట్టింది. “నేను చదివేటప్పుడు ఒక్కోసారి...” అంది. ఆయన వినిపించుకోలేదు. రేడియోలో చెప్పాల్సినవి తనలో తాను అనుకుంటున్నాడు. పిడి పట్టుకోవడం, ఊపిరి పీల్చడం, బోను పైకి లేవడం, ఆవిడ చెప్పిన ప్రతి మాటా చెప్పింది చెప్పినట్టే ఉంది ఆయన నోట్లో. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, గిన్నెలు లేని తొట్టి కడిగింది.

ఆదివారం ఫోన్ బల్ల మీద పెట్టి, మాట పైకి వినపడేలా నొక్కించుకున్నాడు. రేడియో అమ్మాయి గొంతు హుషారుగా ఉంది. “మన లిఫ్టు తాతగారు వచ్చేశారు. చెప్పండి తాతగారూ.”

తాత చెప్పాడు. గొంతు పెంచకుండా, ఒక్క మాటా తొణక్కుండా. పుస్తకంలో బోనుల తాత ఎదురు బరువు వల్ల బతికాడనీ, ఆ బతకడంలోనే రచయిత పనితనమంతా ఉందనీ, దాన్ని నరికేసి తేలిక కన్నీళ్లు అమ్ముకున్నారనీ చెప్పాడు.

“తాతగారూ,” అంది రేడియో అమ్మాయి, “పుస్తకంలో కూడా ఆయన చనిపోతారని చాలామంది మెసేజీలు పెడుతున్నారు. ఇక్కడ ఒక నర్సుగారు ఫోన్‌లో ఉన్నారు.”

నర్సు గొంతు నెమ్మదిగా ఉంది. “మీరంటే నాకు చాలా గౌరవం తాతగారూ. కానీ ఆ పుస్తకాలు నేను మూడుసార్లు చదివాను. ఆయన మూడో భాగంలోనే పోతారు.”

“నేను చదవలేదమ్మా, మా కోడలు చదివి వినిపించింది. ఒక్క అక్షరం మింగే మనిషి కాదు. అమ్మాయ్, ఇలా రా. చెప్పు.”

ఆవిడ వచ్చింది. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఫోన్‌లో నర్సే మళ్లీ అందుకుంది. “ఎదురు బరువు అన్నారు కదా తాతగారూ, అసలు పుస్తకం మొత్తంలో ఆ మాటే లేదండి. బోనుల్ని మనుషులు చక్రం తిప్పి లాగుతారు. వాళ్లు పారిపోతారు కాబట్టే ఆయన చనిపోతారు.”

తాత తల కొంచెం పక్కకి వాల్చాడు, ఏదో చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో పోల్చుకునే మనిషిలా. ఎదురు బరువు సంగతి ఆయన ఎవరికి చెప్పాడు? తోటి పనివాళ్లకి చెప్పక్కర్లేదు, వాళ్లకి తెలుసు. కొడుకు ఎప్పుడూ వినలేదు. వంటింటి గడప దగ్గర కూర్చుని ఒక్కరికే చెప్పాడు. కోడలు ఆయన మొహంలోకి చూస్తోంది. ఆ సంగతి ఆయనకి అందిన క్షణం ఆవిడకు స్పష్టంగా కనిపించింది.

“అయితే పొరపాటు నాదేనమ్మా” అన్నాడు తాత ఫోన్‌లోకి. “మా కోడలు సరిగ్గానే చదివి ఉంటుంది. వయసు మీద పడింది కదా, ఆ బోనులకీ నా లిఫ్టులకీ నేనే ముడిపెట్టేసుకుని ఉంటాను.”

రేడియో అమ్మాయి నవ్వేసింది. “పోనీలెండి తాతగారూ, మీ కథ కూడా బాగానే ఉంది” అంది. ఎవరో వెనక పెద్దగా నవ్వారు. తాత ఆ నవ్వు అయిపోయేదాకా విని ఫోన్ పెట్టేశాడు.

ఆవిడ భోజనం వడ్డించింది, ఆయన తిన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ గది గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి పోయింది. బస్సు దిగి వచ్చిన కొడుకు చెప్పులు విప్పుతూనే, “ఏంటి నాన్నా, డిపోలో అందరూ నీ గురించే నవ్వుకుంటున్నారు” అన్నాడు.

“నవ్వనీరా” అన్నాడు తాత. “నువ్వు పోయి పడుకో.”

ఎండ తగ్గాక వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత రెండో కుర్చీ. ఇన్నాళ్లూ రెండూ ఆవిడే వేసేది.

“అమ్మాయ్, మూడో భాగం పట్రా.”

బీరువా తాళం తీసి, బట్టల వెనక నుంచి తెచ్చింది. “మామయ్యా, నేను...”

“తర్వాత. ముందు ఆ అధ్యాయం చదువు. అచ్చులో ఎలా ఉంటే అలా.”

చదివింది. ఇన్నేళ్లలో ఆ పేజీలు ఆవిడ గొంతుతో బయటికి రావడం అదే మొదలు. చక్రం తిప్పేవాళ్లు పారిపోయారు. గొలుసు ఒక్కో పోగే తెగింది. బోనుల తాత ఎవర్నీ పిలవలేదు. ఆఖరి పోగు దగ్గర ఆవిడ ఆగితే ఆయన తొందరపెట్టలేదు. అధ్యాయం అయిపోయింది. తాత కళ్లు తుడుచుకోలేదు, అలాగే కూర్చున్నాడు.

“బాగా రాశాడు” అన్నాడు. “గొలుసు మూలుగు కూడా రాశాడు. టీవీవాళ్లు దాన్ని పాడుచేశారు గానీ, చావు వాళ్లు తెచ్చింది కాదు. అది ఒప్పుకోవాలి.”

“మీరు తింటారని మార్చాను మామయ్యా” అంది ఆవిడ. “ఒక్క రోజుకే అనుకున్నాను.”

“తెలుసు. వినపడింది” అన్నాడాయన. కుర్చీలో సర్దుకుని కూర్చుని, చేయి ఆవిడ వైపు చాపాడు. “పుస్తకం ఇలా ఇచ్చెయ్.”

ఇచ్చింది. ఆయన దాన్ని మూసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆవిడ చేతులు ఖాళీగా ఉండిపోయాయి. వేలు పెట్టడానికి పేజీ లేదు, తల దించుకోవడానికి అక్షరం లేదు.

“రచయితది విన్నాం. టీవీవాళ్లదీ విన్నాం” అన్నాడు తాత. “ఇప్పుడు నీది చెప్పు.”

ఆవిడ గొంతు సవరించుకుంది. లోపల కొడుకు గురక వినపడుతోంది. గోడ అవతల టీచరమ్మ మొక్కలకు నీళ్లు పోస్తోంది.

“చీకట్లో తడుముకుని పిడి పట్టుకున్నాడు” అంది. “గట్టిగా ఊపిరి పీల్చి లాగాడు. బోను కిందికి జారలేదు.”

“మరి?” అన్నాడు మామగారు, ఏమీ తెలియనట్టు.

“పైకి లేచింది మామయ్యా.”